యాంటీబాడీలు దండిగా ఉన్నా మా బాబాయి వెంటిలేటర్ దాకా ఎందుకు వెళ్లారు?

కృష్ణలంక_శ్రీను · మంగళవారం రాత్రి 9:40

బీరువా సర్దుతుంటే 2021 మే నెలలో మా బాబాయి ఆసుపత్రిలో ఉన్నప్పటి రిపోర్టులు దొరికాయి. అప్పట్లో టెన్షన్‌లో సరిగ్గా చూడలేదు. పన్నెండో రోజున చేయించిన స్పైక్ (కరోనా వైరస్ పైన ముళ్లలా ఉండే ప్రోటీన్) యాంటీబాడీ పరీక్షలో అంకె మెషీన్ కొలవగలిగే పైహద్దు దాటేసింది. అప్పటికి ఆయన వెంటిలేటర్ మీద ఉన్నారు. మా పక్కింటాయనకి అదే వారంలో కరోనా వచ్చి నాలుగు రోజుల జ్వరంతో పోయింది. నెల తర్వాత చేయిస్తే యాంటీబాడీలు అంతంతమాత్రం.

యాంటీబాడీ అంటే కాపాడేదే కదా, మరి ఇదేం లెక్క? ఈమధ్య ఎక్కడో "యాంటీబాడీ మీది చక్కెర మారితే జబ్బు ముదురుతుంది" అని చదివాను. బాబాయికి షుగరు ఉంది. ఆ చక్కెరా ఈ చక్కెరా ఒకటేనా? తెలిసినవాళ్లు కాస్త మామూలు మాటల్లో చెప్పండి. (బాబాయి బతికి బయటపడ్డారు. మెట్లెక్కితే ఆయాసం మాత్రం పోలేదు.)

---

గ్లైకాన్_గోల · మంగళవారం రాత్రి 10:25

శ్రీను గారూ, ముందు బాబాయిగారు బాగున్నందుకు సంతోషం. నా రోజువారీ పనే ఈ చక్కెరలను తూచడం, అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

ఆ చక్కెర వేరు, ఈ చక్కెర వేరు. రక్తంలో తిరిగే గ్లూకోజ్ గురించి కాదు ఇక్కడ మాట. మన ఒంట్లో చాలా ప్రోటీన్లకు చిన్న చిన్న చక్కెర గొలుసులు అతికి ఉంటాయి. కణం ప్రోటీన్‌ను తయారు చేసేటప్పుడే వాటిని తగిలించి పంపుతుంది.

చిన్నప్పుడు పంగలకర్రతో మామిడికాయలు కొట్టే ఉంటారు. ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే రకం) యాంటీబాడీ అచ్చం ఆ ఆకారమే. పైన రెండు పంగలు వైరస్‌ను పట్టుకుంటాయి. కింద పిడి ఉంటుంది. ఆ పిడిని పట్టుకునేది మన రోగనిరోధక కణాలు: మాక్రోఫేజ్‌లు, మోనోసైట్లు, ఎన్‌కే కణాలు. పంగల పని "వీడే దొంగ" అని పట్టుకోవడం. పిడి పని "రండి, వీణ్ని ఏంచేస్తారో చేయండి" అని పిలవడం.

చక్కెర గొలుసు ఉండేది ఆ పిడిలో. ప్రోటీన్‌లో 297వ స్థానంలో ఉన్న ఆస్పరజిన్‌కు అతికి, రెండు పేటల మధ్య దూరి కూచుంటుంది. యాంటీబాడీ బరువులో మొత్తం చక్కెర 2, 3 శాతమే. కానీ పిడిని ఎవరు ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది చాలామటుకు తేల్చేది ఇదే.

ఆ గొలుసు మొదట్లో ఫ్యూకోజ్ అని ఒక చక్కెర బిళ్ల ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ఐజీజీలో 90 శాతానికి పైగా ఈ ఫ్యూకోజ్‌తోనే ఉంటుంది. ఎన్‌కే కణాల మీద, మాక్రోఫేజ్‌ల మీద ఎఫ్‌సీ గామా 3ఏ అనే రిసెప్టర్ ఉంది, దాన్ని చెయ్యి అనుకోండి. ఆ చేతికీ సొంత చక్కెర గొలుసు ఉంది. పిడిలో ఫ్యూకోజ్ ఉంటే ఆ రెండు గొలుసులకూ మధ్య అడ్డు పడుతుంది, పట్టు వదులుగా ఉంటుంది. ఫ్యూకోజ్ లేకపోతే చెయ్యి బిగుసుకుంటుంది. పట్టు 50 రెట్ల దాకా పెరగొచ్చు.

మీ బాబాయి రిపోర్టులోని అంకె ఎన్ని పంగలకర్రలున్నాయో చెప్పింది. ఏ పిడితో ఉన్నాయో చెప్పలేదు.

---

రిటైర్డ్_మాస్టారు · మంగళవారం రాత్రి 11:02

అమ్మాయ్, బాగా చెప్పావు. 34 ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పి కూడా పంగలకర్ర నాకు తట్టలేదు.

ఒక సందేహం. ఫ్యూకోజ్ ఒకటేనా మారేది? గొలుసు చివర గెలాక్టోజ్, దాని మీద సియాలిక్ ఆమ్లం కూడా ఉంటాయి కదా. వాటి సంగతేమిటి?

---

గ్లైకాన్_గోల · బుధవారం ఉదయం 6:50

మాస్టారూ, నమస్తే. నిజమే, నాలుగు చోట్ల మార్పులుంటాయి: ఫ్యూకోజ్, గెలాక్టోజ్, సియాలిక్ ఆమ్లం, గొలుసు మధ్యలో అడ్డంగా చేరే ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ అనే ఇంకో చక్కెర. ఈ కలయికల వల్ల ఒక్క ఐజీజీకే ముప్పైకి పైగా రూపాలు వస్తాయి.

గెలాక్టోజ్ కథ చాలా పాతది. 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్ల ఐజీజీలో గెలాక్టోజ్ తగ్గిందని చూపించారు. వయసుతో కూడా తగ్గుతుంది. కడుపుతో ఉన్నప్పుడు పెరుగుతుంది, ఆ నెలల్లో చాలామందికి కీళ్లనొప్పులు సర్దుకుంటాయి.

తీవ్రమైన వైరస్ జబ్బులో మాత్రం అసలు పాత్రధారి ఫ్యూకోజే. ఇంకో సంగతి, ఇది తెలియకే చాలామంది తికమకపడతారు. ఒంట్లో ఉన్న మొత్తం ఐజీజీని తీసుకుని చూస్తే ఈ మార్పు దాదాపు కనపడదు. కొత్తగా వచ్చిన వైరస్ మీద తయారైన యాంటీబాడీలను మాత్రమే వేరుచేసి తూచాలి. సముద్రంలో బిందె ఉప్పు కలిపి రుచి చూస్తే ఏం తెలుస్తుంది?

---

వంగపండు_వాణి · బుధవారం ఉదయం 8:15

అదన్నమాట! మా అమ్మ ఎప్పుడూ చెబుతుంది, నేను కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ మోకాళ్లు నొప్పి లేకుండా ఉన్నాయని, నేను పుట్టాక మళ్లీ మొదలయ్యాయని. ఇన్నాళ్లూ నన్ను ఆడిపోసుకుంటోంది అనుకున్నా.

---

డాక్టర్_ఉయ్యూరు · బుధవారం మధ్యాహ్నం 2:30

ఓపీ ఇప్పుడే అయింది. నాకు ఈ విషయం డెంగీ వైపునుంచి తెలుసు.

మన దగ్గర ప్రతి వర్షాకాలం చూసేదే. డెంగీలో నాలుగు రకాల వైరస్‌లున్నాయి. మొదటిసారి ఒకటి వస్తే చాలామంది నిలదొక్కుకుంటారు. రెండోసారి వేరే రకం వస్తే ప్రమాదం ఎక్కువ. పాత యాంటీబాడీ కొత్త రకాన్ని పట్టుకుంటుంది గానీ చంపలేదు, పైగా మోనోసైట్ల లోపలికి దారి చూపిస్తుంది. ఇదంతా చదువుకునే రోజుల్లోనే చెప్పారు. అయితే రెండోసారి వచ్చిన అందరూ ఎందుకు సీరియస్ అవ్వరు అన్నదానికి మా ప్రొఫెసర్ దగ్గర జవాబు ఉండేది కాదు.

2017లో తాయా వాంగ్, జెఫ్రీ రావెచ్ బృందం సైన్స్ పత్రికలో రాసింది చూశాక కొంత తెరుచుకుంది. డెంగీ ముదిరినవాళ్లలో ఫ్యూకోజ్ లేని ఐజీజీ1 (ఐజీజీలో ఒక ఉపరకం) ఎక్కువగా ఉంది. అది ప్లేట్‌లెట్లు పడిపోవడంతో కూడా ముడిపడి ఉంది. 2021లో అదే వరసలో ఇంకో పేపర్: ఆసుపత్రిలో చేరిన రోజు రక్తంలో ఫ్యూకోజ్ లేని వాటా చూస్తే ఎవరు ముదురుతారో ముందే కొంత చెప్పొచ్చని. వెస్ట్ నైల్, జికా వైరస్‌లు డెంగీకి చుట్టాలే, కానీ వాటిలో ఈ పెరుగుదల కనపడలేదు.

కరోనాలో నేను కళ్లారా చూసింది ఒకటుంది. మొదటి వారం మనిషి లేచి తిరుగుతూ ఉంటాడు. ఎనిమిదో రోజో పదో రోజో ఉన్నట్టుండి ఆక్సిజన్ పడిపోతుంది. సరిగ్గా యాంటీబాడీలు పుట్టుకొచ్చే సమయం అది. అప్పట్లో కాకతాళీయం అనుకున్నాను.

---

సందేహాల_సుబ్బి · బుధవారం సాయంత్రం 5:10

ఏమోనండీ. నిప్పంటుకున్న ఇంటి దగ్గరే ఎప్పుడూ ఫైరింజన్ కనపడుతుంది, అంతమాత్రాన ఫైరింజన్ నిప్పు పెట్టిందా? జబ్బు ముదరడం వల్లే ఫ్యూకోజ్ తగ్గిందేమో. ఏది ముందు, ఏది వెనక?

---

గ్లైకాన్_గోల · బుధవారం రాత్రి 9:05

సుబ్బి గారి ప్రశ్నే ఈ రంగంలో అందరినీ నిద్రపోనివ్వని ప్రశ్న. నాకు తెలిసిన సాక్ష్యం చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో గెస్టర్ విదార్సన్ బృందం 2021లో సైన్స్‌లో ప్రచురించిన పనిలో, కరోనాతో ఊపిరితిత్తులు దెబ్బతిని ఐసీయూలో ఉన్నవాళ్ల స్పైక్ యాంటీబాడీల్లో ఫ్యూకోజ్ లేనివి ఎక్కువగా కనపడ్డాయి. యాంటీబాడీలు పుట్టిన తొలిరోజుల్లోనే ఎక్కువ, తర్వాత వారాల్లో తగ్గుతూ వచ్చాయి. ఇది మీరన్న ఫైరింజన్ కూడా కావచ్చు.

అదే ఏడాది నెదర్లాండ్స్ నుంచే వచ్చిన ఇంకో పని: సీరియస్ రోగుల యాంటీబాడీలను స్పైక్‌తో కలిపి ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌ల్లాంటి కణాల మీద పోశారు. వైరస్ ఆర్ఎన్ఏను పోలిన పదార్థం కూడా తోడైనప్పుడు ఆ కణాలు ఐఎల్-6 లాంటి మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే సంకేతాలను కుండపోతగా వదిలాయి. రక్తనాళాల గోడ కణాలు కూడా దెబ్బతిన్నాయి. ఇందులో రెండు దినుసులు కలిశాయి, యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉండటం, ఫ్యూకోజ్ తక్కువగా ఉండటం. శ్రీను గారి బాబాయి అంకె పైహద్దు దాటిందన్నారు చూడండి, అందుకే దీన్ని చెబుతున్నా.

నన్ను ఎక్కువ ఒప్పించింది స్టాన్‌ఫర్డ్ వాళ్ల 2022 పని. ఇంకా ఇంట్లోనే ఉన్న, జబ్బు ముదరని రోగుల రక్తం ముందే తీసి పెట్టారు. తర్వాత ముదిరినవాళ్లను వెనక్కి వెళ్లి చూస్తే, వాళ్లలో మొదట్లోనే వైరస్‌ను ఆపగలిగే యాంటీబాడీ తక్కువ, ఫ్యూకోజ్ లేని వాటా ఎక్కువ. అంటే పొగ రాకముందే బండి వీధిలో ఉంది. ఎలుకల ఊపిరితిత్తుల్లో కూడా ఫ్యూకోజ్ లేని యాంటీబాడీ గుంపులే ఎక్కువ మంట తెచ్చాయి.

అయినా మనుషుల్లో ఇదొక్కటే కారణం అనడానికి లేదు. 2020లో ఇంకో పెద్ద పని వచ్చింది: ప్రాణాపాయంలో ఉన్న 987 మందిలో కనీసం 101 మందికి వైరస్‌ను అడ్డుకునే సంకేత ప్రోటీన్ అయిన సొంత ఇంటర్‌ఫెరాన్ మీదే యాంటీబాడీలున్నాయి. వయసు, షుగరు, ఊబకాయం, ఇవన్నీ పక్కన ఉండనే ఉన్నాయి.

---

సందేహాల_సుబ్బి · బుధవారం రాత్రి 9:48

బండి ముందే వీధిలో ఉంది అన్నారు. సరే, దానికి నేను సగం లొంగుతాను. కానీ ఫ్యూకోజ్ లేకుండా చేయడం మన ఒంటికి అంత చేటైతే ఆ అలవాటే ఎందుకొచ్చింది?

---

గ్లైకాన్_గోల · గురువారం ఉదయం 7:20

నాకు ఈ రంగంలో ఇష్టమైన ముక్క ఇదే.

విదార్సన్ వాళ్లు గమనించిందేమిటంటే, ఏ యాంటీబాడీలకు ఫ్యూకోజ్ తగ్గుతుందో ఒక వరస ఉంది. హెచ్‌ఐవీ, సైటోమెగలో వైరస్, కరోనా, వీటన్నిటికీ బయట కొవ్వు పొర ఉంటుంది. వాటి ప్రోటీన్లు మన కణాల పొర మీద కూడా మొలుచుకొస్తాయి. పొర లేని పార్వోవైరస్ బీ19 మీద వచ్చే యాంటీబాడీలకు ఫ్యూకోజ్ మామూలుగానే ఉంటుంది. హెపటైటిస్ బీ మామూలుగా సోకితే కొంత తగ్గుతుంది, టీకాగా ఆ ప్రోటీన్ ఒక్కటీ ఇస్తే తగ్గదు. వైరస్సే కానక్కర్లేదు: తల్లికీ బిడ్డకీ ప్లేట్‌లెట్ల రకం పడనప్పుడు తల్లిలో వచ్చే యాంటీబాడీల్లోనూ ఫ్యూకోజ్ బాగా పడిపోతుంది. ప్లేట్‌లెట్ కూడా మన సొంత కణపు ముక్కే. మలేరియాలో ఎర్ర కణాల మీద మొలిచే పరాన్నజీవి ప్రోటీన్‌కూ ఇదే తీరు.

అంటే మా వాళ్ల ఊహ ఇది: యాంటీబాడీలు తయారుచేసే బీ కణం శత్రువును విడిగా కాక "మన ఇంటి గోడ మీద" చూసినప్పుడు ఫ్యూకోజ్ తీసేసిన యాంటీబాడీ చేస్తుంది. ఇల్లు శత్రువు చేతికి చిక్కిందని, దాన్ని కూల్చేయడానికి గట్టి చేతులు కావాలని. హెచ్‌ఐవీని మందు లేకుండానే అదుపులో పెట్టుకునే కొద్దిమందిలో ఇలాంటి యాంటీబాడీలు ఎక్కువని 2013లోనే చూపించారు. మలేరియాలోనూ ఇవి మేలు చేసేట్టే ఉన్నాయి. కొన్నిచోట్ల మంచిదే. ఊపిరితిత్తి నిండా వైరస్ ఉన్నప్పుడు అదే కూల్చివేత మన ప్రాణం మీదకి వస్తుంది.

---

జీనోమ్‌వ్యాలీ_కుర్రాడు · గురువారం మధ్యాహ్నం 1:15

భోజనం బ్రేక్‌లో చదివాను, ఆగలేక రాస్తున్నా. నేను యాంటీబాడీ మందులు తయారు చేసేచోట పని చేస్తాను. మాకు ఈ ఫ్యూకోజ్ పండగ రోజు కూడా గుర్తొస్తుంది.

మందుగా వాడే యాంటీబాడీలను ఎక్కువగా చైనా హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు అండాశయ కణాల్లో పెంచుతారు. ఆ కణాలు కూడా ఫ్యూకోజ్ బాగానే తగిలిస్తాయి. తగిలించే ఎంజైమ్ పేరు ఎఫ్‌యూటీ8. ఆ జన్యువును పీకేస్తే ఫ్యూకోజ్ లేని యాంటీబాడీ వస్తుంది, క్యాన్సర్ కణాన్ని గట్టిగా చంపుతుంది. జపాన్‌లో 2012లో అనుమతి పొందిన మొగాములిజుమాబ్ ఇలా చేసిందే. 2013లో అమెరికాలో వచ్చిన ఒబినుటుజుమాబ్‌లోనూ ఫ్యూకోజ్ తగ్గించే ఏర్పాటు ఉంది, దారి వేరు. 2014 ఎబోలా కాలంలో పేరు విన్న జీమ్యాప్ అనే యాంటీబాడీ మందును పొగాకు జాతి మొక్కల్లో పెంచారు. ఆ మొక్కను కూడా ఫ్యూకోజ్ తగిలించకుండా మార్చుకున్నారు.

ఒక బ్యాచ్‌లో ఫ్యూకోజ్ లేని వాటా అనుకున్న హద్దు దాటిందంటే ఆ రోజు మా షిఫ్ట్‌లో ఎవరికీ టీ గుర్తుండదు. వేల లీటర్ల ట్యాంకులో కొద్ది శాతం తేడాకు మేమింత కంగారు పడతాం. ఒంట్లో పుట్టేదాన్ని మాత్రం ఏ ల్యాబూ చూడదు!

---

కృష్ణలంక_శ్రీను · గురువారం రాత్రి 8:30

అందరికీ దండాలు. మూడుసార్లు చదివితే బుర్రకెక్కింది.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. ఒకటి, ఈ ఫ్యూకోజ్ పరీక్ష బయట ల్యాబుల్లో చేస్తారా? రెండు, అప్పట్లో మేం కోలుకున్నవాళ్ల ప్లాస్మా కోసం వాట్సాప్ గ్రూపుల్లో రాత్రంతా తిరిగాం, ఇద్దరు దాతలు దొరికారు, ఎక్కించారు, ఏమీ తేడా రాలేదు. ఇందుకేనా? మూడు, టీకా వల్ల కూడా ఇలాంటి యాంటీబాడీలే వస్తే ప్రమాదం కాదా? మా పిన్ని ఇప్పటికీ అదే అంటుంది.

---

డాక్టర్_ఉయ్యూరు · గురువారం రాత్రి 10:10

రెండోది నేను చెబుతాను. ఆ రాత్రుల్లో ప్లాస్మా అడుగుతూ నాకొచ్చిన ఫోన్లకు లెక్కలేదు. ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన ప్లాసిడ్ ట్రయల్ ఫలితం 2020లోనే వచ్చింది. ప్లాస్మా వల్ల జబ్బు ముదరడమూ ఆగలేదు, మరణాలూ తగ్గలేదు. 2021 మేలో చికిత్స సూచనల్లోంచి తీసేశారు కూడా. దానికి కారణం ఫ్యూకోజ్ అని నేననను. ఎవరి ప్లాస్మాలో ఎంత బలముందో కొలవకుండా, ఆలస్యంగా ఎక్కించడం అసలు లోపమేమో. మీరు తిరిగినందుకు బాధపడకండి. ఆ సమయంలో అందరం తిరిగాం.

పనిచేసింది డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్. 2020 జూన్‌లో రికవరీ ట్రయల్ వాళ్లు చెప్పింది గుర్తుందా, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభం లేదు. ఆ స్టేజీలో ప్రాణం తీసేది వైరస్ కంటే మన మంటే అనడానికి ఇంతకంటే ఏం కావాలి. మరి మన దగ్గర రెండో రోజు నుంచే స్టెరాయిడ్ మింగినవాళ్లున్నారు, అది వేరే ఏడుపు.

---

గ్లైకాన్_గోల · శుక్రవారం ఉదయం 7:00

మొదటిది: చేయరు. యాంటీబాడీని వేరుచేసి, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు కోసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూచాలి. ఫ్యూకోజ్ ఉంటే ముక్క బరువు 146 డాల్టన్లు ఎక్కువ చూపిస్తుంది, అంతే తేడా. కోట్లు చేసే మెషీన్, పొద్దున పెట్టిన శాంపిల్ జవాబు ఇచ్చేసరికి రోజులు. మీ ఊళ్లో ఎవరైనా "ఫ్యూకోజ్ ప్యాకేజీ" అని అమ్మితే నాకు చెప్పండి.

మూడోది: పిన్నిగారి మాటలో కొంత నిజముంది, అందుకే జాగ్రత్తగా చెప్పాలి. కరోనా ఇంతకుముందు సోకనివాళ్లకు ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మొదటి డోసు తర్వాత ఫ్యూకోజ్ లేని స్పైక్ యాంటీబాడీలు కొద్దిగా, కొద్దికాలం కనపడతాయి. తర్వాత తగ్గిపోతాయి. స్పైక్ మన కణం గోడ మీద కనపడుతుంది కాబట్టి, నిన్న చెప్పిన ఊహకు ఇది సరిపోతుంది కూడా. కానీ మంట లేవడానికి యాంటీబాడీ ఒక్కటే చాలదు, ఊపిరితిత్తి నిండా వైరస్ ఉండాలి. టీకాలో వైరస్ పెరగడం అనేదే లేదు. 2022లో నేచర్‌లో వచ్చిన పని చూడండి. కరోనా రోగుల రక్తంలోని మోనోసైట్లలో సుమారు 6 శాతం యాంటీబాడీ దారిన వైరస్‌ను మింగి, తాము పేలిపోతూ మంట రేపాయి. టీకా వేసుకున్నవాళ్ల యాంటీబాడీలతో అదే ప్రయోగం చేస్తే మోనోసైట్లలోకి వైరస్ వెళ్లనేలేదు.

ఆ పట్టును మందుతో వదిలించొచ్చా అని కూడా చూశారు. రిసెప్టర్ వెనక సంకేతం నడిపే సిక్ అనే ఎంజైమ్‌ను ఆపే ఫొస్టమాటినిబ్ ప్రయోగశాలలో మంటను తగ్గించింది. మనుషుల మీద పెద్ద ట్రయల్‌లో మాత్రం పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. మాకు అలవాటే.

---

వంగపండు_వాణి · శుక్రవారం ఉదయం 9:30

ఇంతకీ తిండితో ఫ్యూకోజ్ పెంచుకోవచ్చా? మా ఆయన అప్పుడే ఆన్‌లైన్‌లో పొడులు వెతుకుతున్నాడు.

---

రిటైర్డ్_మాస్టారు · శుక్రవారం ఉదయం 10:05

ఆయన్ని ఆపమ్మా. కణం తనకు కావాల్సిన ఫ్యూకోజ్‌ను ఎక్కువగా మ్యానోజ్ నుంచి తనే తయారుచేసుకుంటుంది. సరుకు కొరత వల్ల కాదు, తగిలించే పని తగ్గడం వల్ల వచ్చిన మార్పు ఇది. పొడి మింగితే జేబుకే బరువు తగ్గుతుంది.

తిండి మాటొచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మన మైసూర్ పప్పులో ఒక లెక్టిన్ (చక్కెర గొలుసులను పట్టుకునే ప్రోటీన్) ఉంది, గొలుసు మొదట్లో ఫ్యూకోజ్ ఉన్న ప్రోటీన్లను అది ప్రత్యేకంగా పట్టుకుంటుంది. కాలేయ క్యాన్సర్ పరీక్షల్లో ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్‌లో ఫ్యూకోజ్ ఉన్నదాన్ని వేరుచేయడానికి దాన్నే వాడతారు.

---

వంగపండు_వాణి · శుక్రవారం ఉదయం 10:12

అయ్యో, పొద్దున్నే మైసూర్ పప్పే వండాను మాస్టారూ! మా యాంటీబాడీల ఫ్యూకోజ్‌కి ఏమైనా అవుతుందా?

---

గ్లైకాన్_గోల · శుక్రవారం ఉదయం 10:40

మూడు విజిల్స్ వచ్చాయా? అయితే లెక్టిన్ ఎప్పుడో చచ్చిపోయింది. నిశ్చింతగా నెయ్యి వేసుకుని తినండి. నేను మాత్రం మెషీన్ దగ్గరికి పరిగెత్తాలి, రాత్రి పెట్టిన శాంపిల్స్ మధ్యలో ఆగిపోయాయట.

---

కృష్ణలంక_శ్రీను · శుక్రవారం రాత్రి 9:15

ఇదంతా బాబాయికి చదివి వినిపించాను. చివరిదాకా విని, "అయితే నా పంగలకర్రకి పిడి బిగుసుకుపోయిందంటావ్" అన్నారు. తర్వాత ఆ రిపోర్టు చేతిలోంచి తీసుకుని మళ్లీ ఫైల్లో పెట్టేశారు.